ఇంటి పద్దు, వీధి పద్దు

పేదల ఇళ్లకూ ఊళ్ల బాగోగులకూ కేంద్రం ఇచ్చే డబ్బును ఎవరు, ఎలా పద్దు రాయాలన్న వాదన మన ఆంధ్రప్రదేశ్‌లో చిక్కుపడి చాలాకాలమైంది. తమ ఖాతాలో ఉన్నదంతా ఊడ్చుకుపోయారని సర్పంచులు అంటారు. కేంద్రం షరతులతో చేతులు కట్టేసిందని రాష్ట్ర ప్రభుత్వం అంటుంది, ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ మాట మారదు. ఖర్చుపెట్టిన దానికి లెక్క చెప్పలేదని కేంద్రం అంటుంది. పన్ను వసూలు చేసుకునే సంస్థలు గ్రాంట్లకు అలవాటు పడ్డాయని ఆర్థికవేత్తలు అంటారు. నలుగురి మాటలోనూ నిజముంది. కానీ నలుగురూ మాట్లాడేది ఒకే డబ్బు గురించి కాదు. ఇంటికి వచ్చే డబ్బు వేరు, ఆ ఇంటి ముందు వీధికి వచ్చే డబ్బు వేరు. రెండింటినీ కలిపి చూసే చోటు ఎక్కడా లేదన్నదే ఈ సమీక్షలో తేలే ప్రధాన విషయం.

నెల్లూరు జిల్లా సంగంలో నిలబడి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సంగం మండల కేంద్రమే గానీ పాలన గ్రామ పంచాయతీదే. పెన్న మీద పందొమ్మిదో శతాబ్దపు ఆనకట్టకు బదులుగా కట్టిన బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. అది జలవనరుల శాఖ పద్దు. ఇక్కడి నీటిని దిగువనున్న నెల్లూరు నగరానికి తాగడానికి తీసుకెళ్లే పథకం కేంద్ర గృహ, పట్టణాభివృద్ధి సంస్థ హడ్కో ఇచ్చిన అప్పుతో నడిచింది. అది నగర పాలన పద్దు. సంగం పల్లెల్లో ఇంటింటి కుళాయి జల్ జీవన్ మిషన్ కింద, మురుగు కాలువ ఆర్థిక సంఘం గ్రాంటు కింద, పేదవాడి ఇల్లు ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద వస్తాయి. పేర్లూ ఖాతాలూ సంతకాలు చేసే అధికారులూ అన్నీ వేరు. అనుభవించే మనిషి మాత్రం ఒక్కడే.

రాజ్యాంగం వేసిన రెండు దారులు

ఢిల్లీ నుంచి డబ్బు కిందికి రావడానికి రాజ్యాంగంలోనే రెండు దారులున్నాయి. ఒకటి ఆర్థిక సంఘం దారి. 280వ అధికరణం కింద ఐదేళ్లకోసారి ఏర్పడే సంఘం ఒక సూత్రం చెబుతుంది, ఆ సూత్రం ప్రకారం వాటా వస్తుంది. రెండోది 282వ అధికరణం. ప్రజాప్రయోజనం ఉన్న ఏ పనికైనా కేంద్రం గ్రాంటు ఇవ్వొచ్చని అది చెబుతుంది. కేంద్ర పథకాల్లో ఎక్కువ భాగం ఈ రెండో దారినే నడిచాయి.

ఈ రెండో దారి ఇంత వెడల్పు కావచ్చునా అన్న సందేహం పాతదే. న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షత వహించారు. ప్రణాళికా సంఘం పెరిగిన కొద్దీ ఆర్థిక సంఘం పాత్ర కుంచించుకుపోతున్న తీరును ఆయన అప్పుడే ప్రస్తావించారు. 282వ అధికరణం మామూలు గ్రాంట్లకు ఉద్దేశించింది కాదని తర్వాత రాజ్యాంగ న్యాయవాది నానీ పాల్ఖీవాలా అభిప్రాయం చెప్పారు. 2010లో భీమ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎంపీ నిధుల పథకాన్ని సమర్థిస్తూ ఆ అధికరణానికి విశాలమైన అర్థమే ఇచ్చింది. చట్టపరంగా ఆ వివాదం దాదాపు ముగిసినట్టే. బడ్జెట్ పరంగా మాత్రం దాని ఫలితం ఈనాటికీ అనుభవంలో ఉంది. మురుగు కాలువ డబ్బు మొదటి దారిలో, ఇంటి డబ్బు రెండో దారిలో నడుస్తున్నాయి.

ఇళ్ల పథకాల వరుస తెలిసిందే. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత ఎన్.టి. రామారావు ప్రభుత్వం బలహీన వర్గాలకు పక్కా ఇళ్లను పెద్ద ఎత్తున చేపట్టింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలై 1996 నుంచి విడి పథకమైంది. 2005 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ మిషన్ వచ్చింది. మరుసటి ఏడాది రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్లు మొదలయ్యాయి. 2015 జూన్ 25న పట్టణ ఆవాస్ యోజన, పట్టణ వసతుల కోసం అమృత్ పథకం ఒకేరోజు ప్రారంభమయ్యాయి, 2016లో గ్రామీణ ఆవాస్ యోజన తోడైంది. పేర్లు మారినా ఒక లక్షణం మారలేదు. ఇల్లు ఎప్పుడూ లబ్ధిదారుకూ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారంగానే నడిచింది. పంచాయతీ, మున్సిపాలిటీ అందులో దరఖాస్తులు అందుకునే కౌంటరుగా మిగిలాయి.

ఆర్థిక సంఘాల మాట ఎలా మారింది

1993లో 73, 74వ సవరణలు అమల్లోకి రావడంతో స్థానిక సంస్థలకు రాజ్యాంగంలో చోటు దొరికింది. పన్నెండో షెడ్యూలులో మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన మున్సిపాలిటీల పనులుగా చేరాయి. గ్రామీణ గృహవసతి పదకొండో షెడ్యూలులో పంచాయతీల పనుల్లో ఉంది. అంటే కాగితం మీద ఇల్లు స్థానిక సంస్థ పనే.

పదో ఆర్థిక సంఘం మొదటిసారి స్థానిక సంస్థలకు గ్రాంటు సిఫారసు చేసింది. పన్నెండో సంఘం దాకా అవి చిన్న మొత్తాలే. అసలు మలుపు వై.వి. రెడ్డి అధ్యక్షతన పద్నాలుగో సంఘంతో వచ్చింది. 2015-20 కాలానికి స్థానిక సంస్థలకు 2,87,436 కోట్ల రూపాయలు సిఫారసు చేసి, అందులో పెద్ద భాగాన్ని కనీస సేవలకు వాడుకోమని దాదాపు స్వేచ్ఛగా వదిలింది. పల్లెల్లో ఆ డబ్బు మండల, జిల్లా పరిషత్తులను దాటి నేరుగా గ్రామ పంచాయతీలకే వెళ్లాలంది. ఎన్.కె. సింగ్ నాయకత్వంలోని పదిహేనో సంఘం 2021-26కు గ్రామాలకు 2,36,805 కోట్లు, పట్టణాలకు 1,21,055 కోట్లు చెప్పింది. పరిషత్తులకు మళ్లీ వాటా ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, గ్రామాల గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసింది. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరం ఏదైనా దానికి వాడుకోవచ్చంది, జీతభత్యాలకు మాత్రం వాడకూడదంది.

ఒక సంఘం నమ్మకం పెట్టింది, తర్వాతి సంఘం పగ్గాలు వేసింది. ఈ రెండింటి మధ్య ఊగిసలాటే ఇప్పటి సగం వాదనలకు మూలం.

పంచాయతీ పద్దును దగ్గరగా చూస్తే

గ్రామ పంచాయతీ బడ్జెట్‌ను కార్యదర్శి తయారుచేస్తారు, పాలకవర్గం ఆమోదిస్తుంది. రాబడిలో ఇంటి పన్ను, కుళాయి చార్జీలు, సంత ఆశీలు, చెరువు చేపల వేలం, రిజిస్ట్రేషన్ల మీద స్టాంపు డ్యూటీ సర్‌చార్జీ వాటా ఉంటాయి. ఇసుక, గ్రావెల్ ఉన్న చోట సీనరేజీ కూడా వస్తుంది. ఇదంతా సాధారణ నిధి. దీన్నుంచే పారిశుద్ధ్య కార్మికులకు జీతాలు, వీధి దీపాల కరెంటు, మోటారు రిపేర్లు, బ్లీచింగ్ పౌడరు వెళ్లాలి. చాలా పంచాయతీల్లో సాధారణ నిధి వీటితోనే సరిపోతుంది. కొత్త పని అన్నది కావాలంటే ఆర్థిక సంఘం గ్రాంటు, ఉపాధి హామీ మెటీరియల్ నిధులే దిక్కు.

గ్రాంటు ఎంత? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పల్లె జనం సుమారు 83 కోట్లు. పదిహేనో సంఘం గ్రామాలకు చెప్పిన మొత్తాన్ని వాళ్లకు పంచితే మనిషికి ఏడాదికి 570 రూపాయల లోపు వస్తుంది. అందులో గ్రామ పంచాయతీ వాటా 70 శాతం అనుకుంటే దాదాపు 400. దాంట్లో 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికీ పోగా, పాలకవర్గం తన ఇష్టప్రకారం తీర్మానం చేయగలిగింది మనిషికి 160 రూపాయలు. ఇది సగటు లెక్క, రాష్ట్రాన్ని బట్టి అటూఇటూ అవుతుంది. ఎంత మొత్తం మీద ఇంత వాదన జరుగుతోందో తెలుసుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు 200 ఇళ్ల కొత్త కాలనీ ఒకటి ఊరి చివర వచ్చిందనుకుందాం. ఇంటికి నలుగురు చొప్పున 800 మంది. ఇంటికి 1.50 లక్షల కేంద్ర సాయం చొప్పున ఆ కాలనీ కోసం ఢిల్లీ నుంచి 3 కోట్లు బయల్దేరాయి. అదే 800 మంది తరఫున పంచాయతీకి షరతుల్లేకుండా వచ్చేది ఏడాదికి 1.28 లక్షలు, ఒక్క ఇంటి సాయం కన్నా తక్కువ. ఆ కాలనీకి దీపాలు, సైడు కాలువలు, చెత్త బండి అన్నీ పంచాయతీ చూసుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. గ్రాంటు పంచింది 2011 జనాభా ప్రకారం. కాలనీలోకి వచ్చినవాళ్లు 2011లో మరో ఊళ్లోనో నెల్లూరు నగరంలోనో లెక్కకెక్కి ఉంటే, వాళ్ల తలసరి గ్రాంటు అక్కడికే పోయింది. రాష్ట్రంలో పట్టణ పేదలకు నగరం లోపల స్థలం దొరక్క చుట్టుపక్కల పంచాయతీల్లో లేఅవుట్లు వేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మనుషులు కదిలారు, వాళ్ల పేరు మీద వచ్చే గ్రాంటు కదల్లేదు. ఈ అన్యాయం ఎవరి దురుద్దేశం వల్లా జరగలేదు, అందుకే దాని గురించి ఎవరూ ధర్నా చేయరు.

ఇంటి డబ్బు నడిచే దారి

2020 డిసెంబరు 25న మొదలైన ‘నవరత్నాలు, పేదలందరికీ ఇళ్లు’ కార్యక్రమంలో 30 లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పట్టాలు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఇంటికి యూనిట్ ధర 1.80 లక్షలు. అందులో 1.50 లక్షలు పట్టణ ఆవాస్ యోజన నుంచి, 30 వేలు ఉపాధి హామీ పనిదినాల రూపంలో. దీనికి తోడు డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీకి 35 వేల రుణం. బిల్లు దశలవారీగా పడుతుంది: బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, స్లాబు. ప్రతి దశలోనూ ఉద్యోగి వచ్చి ఫొటో తీసి జియోట్యాగింగ్ చేస్తే గానీ బిల్లు కదలదు. ఆ దశ దాకా పెట్టుబడి పెట్టుకోవాల్సింది లబ్ధిదారే. బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయిన ఇళ్లకు కారణం చాలాచోట్ల ఇదే, చేతిలో డబ్బు లేక. 2025 మార్చిలో ప్రభుత్వం ఆగిపోయిన ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగలకు లక్ష. యూనిట్ ధర సరిపోవడం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది.

పల్లెలో కట్టే ఇంటికి పట్టణ పథకం డబ్బు ఎలా వచ్చింది? ఇక్కడ లెక్క గమనించాలి. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతపు ఇంటికి సాయం 1.20 లక్షలు, కేంద్ర రాష్ట్రాల వాటా 60:40. అంటే కేంద్రం ఇచ్చేది 72 వేలు. పట్టణ పథకంలో లబ్ధిదారు సొంతంగా కట్టుకునే ఇంటికి కేంద్రం ఇచ్చేది 1.50 లక్షలు. ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే చాలు, పట్టణ పథకం కింద మంజూరు తెచ్చుకోవచ్చు. నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. ఆ తరహా సంస్థలు రాష్ట్రమంతా పల్లెలను కలుపుకుంటూ విస్తరించాయి. పట్టణ ఆవాస్ యోజనలో దేశంలోకెల్లా ఎక్కువ ఇళ్లు మంజూరైన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కావడానికి ఇది పెద్ద కారణం.

రాష్ట్రం దృష్టిలో ఇది తెలివైన పనే, తప్పు పట్టడానికి లేదు. పేదవాడికి రెట్టింపు కేంద్ర సాయం వచ్చింది. కానీ ఇంటి పద్దులో ఆ ఊరు పట్టణం అయింది, వీధి పద్దులో పల్లెగానే మిగిలింది. మున్సిపాలిటీకి ఉండే పన్ను హక్కులు గానీ, టౌన్ ప్లానింగ్ ఫీజులు గానీ, అమృత్ వంటి పథకాలు గానీ దానికి రాలేదు. లేఅవుట్ ఫీజులు పట్టణాభివృద్ధి సంస్థకు, కాలువ బాధ్యత పంచాయతీకి.

రాష్ట్ర టౌన్‌షిప్, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ (టిడ్కో) ఇళ్లది మరో కథ. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను షేర్‌వాల్ పద్ధతిలో కట్టే ఈ పథకం నెల్లూరులో వెంకటేశ్వరపురం వంటి చోట్ల పెద్ద కాలనీలుగా కనిపిస్తుంది. కేంద్ర సాయం ఇంటికి 1.50 లక్షలు, తక్కినది రాష్ట్రం వాటా, లబ్ధిదారు వాటా, బ్యాంకు రుణం. ప్రభుత్వాలు మారినప్పుడు లబ్ధిదారు వాటా మారింది. 300 అడుగుల ఇల్లు రూపాయికే ఇస్తామన్నారు, మిగిలిన రెండు రకాల వాళ్లకు డిపాజిట్ సగం చేశారు. ఎన్నోచోట్ల ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు వాయిదా నోటీసు వచ్చింది. గ్రాంటు, అప్పు, పేదవాడి పొదుపు ఈ మూడూ కలిసిన పద్దులో ఒకటి ఆగితే మిగతా రెండూ నష్టపోతాయని, ఆ నష్టంలో మొదటి వంతు పేదవాడిదేనని టిడ్కో చూపించింది.

నేల ధర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కేంద్ర సాయం గోడలకూ స్లాబుకే. స్థలం ఖర్చు పూర్తిగా రాష్ట్రానిది. అందుకే చవగ్గా దొరికిన పల్లపు నేలలు, ఊరికి దూరపు నేలలు లేఅవుట్లయ్యాయి. 2021 నవంబరు వరదల్లో పెన్న ఒడ్డు కాలనీలు మునిగినప్పుడు ఈ లెక్క అందరికీ కనిపించింది. కాలువ గట్ల మీద, పోరంబోకుల్లో బతికే యానాది కుటుంబాలు నెల్లూరు జిల్లాలో ఎక్కువ. పట్టా లేని వారికి సొంత స్థలంలో ఇల్లు అన్న పథకం అందదు. ఆధార్ లేకపోతే పేరే ఎక్కదు. అందరికన్నా ముందు రావాల్సిన ఇల్లు వాళ్లది.

వాదనలు, వాటి బలాబలాలు

షరతులు ఉండాలనేవారి వాదన మొదటిది. పదిహేనో ఆర్థిక సంఘం ఆలోచన ఇదే. ఊరికి స్వాగత తోరణం కట్టడం సులువు, మురుగు శుద్ధి చేయడం కష్టం. కష్టమైన పని జరగాలంటే డబ్బు దానికే కట్టెయ్యాలి. తాగునీరు, మరుగుదొడ్డి దేశమంతటికీ ఉమ్మడి అవసరం కాబట్టి ఈ వాదనకు బలముంది. బలహీనత ఒకటే: షరతు ఊరిని బట్టి మారదు. కుళాయిలు ఇప్పటికే పూర్తయి శ్మశానానికి దారి లేని ఊరికీ అదే 60 శాతం.

స్వేచ్ఛ కావాలనే పక్షం కేరళను చూపిస్తుంది. 1996లో అక్కడ ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికి ఇచ్చారు. పద్నాలుగో సంఘం కూడా స్థానిక సంస్థను ప్రభుత్వంగా చూడాలి, ఏజెంటుగా కాదన్న భావంతోనే నడిచింది. కేరళలో డబ్బుతోపాటు ఉద్యోగులనూ శిక్షణనూ ఇచ్చారన్నది ఈ వాదన చేసేవారు తరచు మరిచిపోతారు. మన పంచాయతీకి ఇంజినీరు సహాయకుణ్ణి 2019 అక్టోబరులో వచ్చిన గ్రామ సచివాలయం ఇచ్చింది. అయితే సచివాలయ ఉద్యోగి సర్పంచుకు జవాబుదారీనా, పై అధికారికా అన్నది ఊరూరా గొడవైంది.

మూడో వాదన రాష్ట్ర ప్రభుత్వాలది. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలో ఉంది, వేల ఎకరాలు సేకరించడం, లక్షల టన్నుల సిమెంటు బేరమాడడం పంచాయతీ వల్ల కాదంటాయి. నిజమే. కానీ ఈ వాదన ఎంతవరకు వెళ్లగలదో 2021లో చూశాం. పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారు. బకాయి పంచాయతీలదే గనుక తీర్చడం తప్పు కాదన్నది ప్రభుత్వ వాదన. పాలకవర్గం తీర్మానం లేకుండా తమ ఖాతా ముట్టుకోవడం ఏమిటన్నది సర్పంచుల వాదన. బకాయి నిజమైనదే కావచ్చు, అయినా ఎవరి పద్దు వారు రాసుకునే హక్కు లేనిచోట బడ్జెట్ అన్న మాటకు అర్థం లేదు. ఈ విషయంలో సర్పంచుల పక్షమే సరైనది. తర్వాత కేంద్రం గ్రాంటుకు విడి బ్యాంకు ఖాతా, ఆన్‌లైన్ చెల్లింపు తప్పనిసరి చేసి ఆ దారిని చాలావరకు మూసింది.

నాలుగోది, డబ్బు నేరుగా మనిషి ఖాతాలో వెయ్యాలన్నది. దళారీ పోయాడన్నది అబద్ధం కాదు. ఇంటి బిల్లు లబ్ధిదారు ఖాతాలో పడటం పాత రోజులతో పోలిస్తే గొప్ప మార్పే. కానీ ఖాతాకు వేసే డబ్బుతో వీధి రాదు, ఉమ్మడి సొత్తుకు ఖాతాదారు ఉండడు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే మొదటి రెండూ వీధి డబ్బు గురించి, నాలుగోది ఇంటి డబ్బు గురించి, మూడోది రెండింటి గురించీ మాట్లాడుతున్నాయని తేలుతుంది. షరతుల పక్షం నాణ్యత అడుగుతోంది, స్వేచ్ఛ పక్షం గౌరవం, రాష్ట్రం వెసులుబాటు, నగదు బదిలీ పక్షం పారదర్శకత అడుగుతున్నాయి. ఒకరి వాదనకు మరొకరిది జవాబు కాదు.

టెక్సాస్‌లో మన వాళ్లు ఉండే ఊళ్లలో

ఇంటి పద్దునూ వీధి పద్దునూ ఒకేచోట చూసే పద్ధతికి ఒక ఉదాహరణ అమెరికాలో ఉంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వంటి టెక్సాస్ నగరాలకు అమెరికా కేంద్ర ప్రభుత్వం నుంచి సముదాయ అభివృద్ధి బ్లాక్ గ్రాంటు వస్తుంది. 1974 చట్టంతో పుట్టిన ఈ గ్రాంటు సూత్రం ప్రకారం నేరుగా నగరానికే చేరుతుంది. జనాభా, పేదరికం, ఇరుకు ఇళ్లు, పాత ఇళ్లు లెక్కలోకి వస్తాయి. ఖర్చులో కనీసం 70 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారికి మేలు చేయాలి. సేవా కార్యక్రమాలకు 15 శాతం, నిర్వహణకూ ప్రణాళికకూ 20 శాతం మించకూడదు. అద్దె ఇళ్లకూ సొంత ఇళ్లకూ 1990 నుంచి హోమ్ అనే వేరే గ్రాంటు ఉంది.

మనకు పాఠం ఉన్నది వీటి మొత్తాల్లో కాదు. నగరం మూడు నుంచి ఐదేళ్లకు ఒక ఉమ్మడి ప్రణాళిక, ఏటా ఒక కార్యాచరణ ప్రణాళిక రాయాలి. ఇంటి గ్రాంటు, వీధి గ్రాంటు అందులో ఒకే చోట కనిపిస్తాయి. ముసాయిదాను 30 రోజులు జనం ముందు పెట్టాలి, ఏడాదిలో కనీసం రెండు బహిరంగ విచారణలు జరపాలి. డబ్బు ఖర్చు చేయకుండా పెట్టుకుంటే అదీ తప్పే. ఏడాది ముగియడానికి 60 రోజుల ముందు ఒకటిన్నర ఏళ్ల గ్రాంటుకు మించి మిగిలి ఉండకూడదు.

అక్కడా అంతా సవ్యంగా లేదు. సూత్రం పాతబడింది, వార్డుకు ఇంత అని గ్రాంటును పలచగా పంచేస్తారన్న విమర్శ ఉంది, పథకాన్నే ఎత్తేయాలన్న ప్రతిపాదనలు శ్వేతసౌధం నుంచే వచ్చాయి. అయినా ఒక కాగితం, ఒక గడువు, ఒక బహిరంగ విచారణ అన్న క్రమం యాభై ఏళ్లుగా నిలిచింది.

మన దగ్గర ఇలాంటిది లేదనలేం. పంచాయతీకి అభివృద్ధి ప్రణాళిక ఉంది, గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. పట్టణ ఆవాస్ యోజన కూడా మున్సిపాలిటీలను అందరికీ ఇళ్ల కార్యాచరణ ప్రణాళిక రాయమంది. కానీ గ్రామసభ ఇళ్ల లబ్ధిదారుల జాబితా చూస్తుంది, ఇళ్ల డబ్బు చూడదు. వీధి డబ్బు చూస్తుంది, అది ఏ కొత్త కాలనీకి చాలుతుందో చూడదు.

ఇంకా తేలనివి

పదహారో ఆర్థిక సంఘం కాలానికి మొదలు 2026 ఏప్రిల్. 2021 ఏప్రిల్‌లో కొలువుదీరిన మన పంచాయతీల ఐదేళ్ల గడువు తీరేదీ ఆ నెలలోనే. పాలకవర్గం లేని సంస్థకు గ్రాంటు ఆగుతుందన్నది రాష్ట్రానికి అనుభవమే. 2018లో గడువు ముగిశాక 2021 దాకా ఎన్నికలు జరగక డబ్బు నిలిచిపోయింది. ఎన్నికల తేదీ కూడా ఒక రకంగా బడ్జెట్ నిర్ణయమే.

జనాభా లెక్క రెండో ప్రశ్న. 2027 జన గణనతో కాలనీల జనం తామున్న చోట నమోదవుతారు. ఐదేళ్ల గ్రాంటు మధ్యలో సూత్రాన్ని సవరిస్తారా, తర్వాతి సంఘం దాకా ఆగుతారా అన్నది సంగం చుట్టుపక్కల ఊళ్లకు చిన్న విషయం కాదు.

రాష్ట్ర ఆర్థిక సంఘం సంగతి మరీ బాధాకరం. ఐదేళ్లకోసారి ఏర్పడాల్సిన సంఘం మన దగ్గర మూడు దశాబ్దాల్లో ఐదో దాని దగ్గరే ఉంది. ఢిల్లీ ఇచ్చేదాని మీద ఎంత వాదించినా, రాష్ట్రం తన పన్నుల్లో స్థానిక సంస్థకు ఇంత అని చెప్పేది ఆ సంఘమే. అది నిద్రపోతే కేంద్ర గ్రాంటే సర్వస్వమవుతుంది, దాని షరతులే శాసనమవుతాయి.

సొంత రాబడి ప్రశ్న పట్టణాల్లో కొంత కదిలింది. 2020లో చట్టం సవరించి 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ బదులు మూలధన విలువ మీద లెక్కించడం మొదలుపెట్టారు, ఏటా పెరుగుదలకు 15 శాతం పరిమితి పెట్టారు. రాష్ట్రాల అదనపు అప్పుకు కేంద్రం పెట్టిన షరతు దీని వెనుక ఉంది. జనానికి భారమైన మాట నిజం. పెరిగిన పన్ను ఏ వీధికి వెళ్లిందో వార్డు వారీగా చూపించి ఉంటే వ్యతిరేకత ఇంతగా ఉండేది కాదు.

2024 సెప్టెంబరు నుంచి పట్టణ ఆవాస్ యోజన రెండో దశ నడుస్తోంది. రాష్ట్రం ఈసారి పల్లెలో మూడు సెంట్లు, పట్టణంలో రెండు సెంట్లు ఇస్తానంటోంది. స్థలం పెరగడం మంచిదే. స్థలం పెరిగితే వీధి పొడవు పెరుగుతుంది, కాలువ పొడవు పెరుగుతుంది, దీపాలు పెరుగుతాయి. కాబట్టి లేఅవుట్ మంజూరు ఉత్తర్వుతోపాటే పదేళ్ల నిర్వహణ లెక్క కూడా జత చేయాలి. నీటి మోటారు కరెంటు ఎవరిది, చెత్త బండి ఎవరిది, కాలువ పూడిక ఎవరు తీస్తారు, ఏ పద్దు నుంచి? ఆ లెక్కను స్థలం ఖరారు కాకముందే గ్రామసభలో చదవాలి. దాని మీద పంచాయతీ కార్యదర్శి, గృహనిర్మాణ శాఖ అధికారి, పట్టణాభివృద్ధి సంస్థ అధికారి ముగ్గురూ సంతకం చేయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.